ఎంఓటీ రెండేళ్లు ఎలా చదవాలి? సీటు నుంచి థీసిస్ దాకా

జబ్బు, గాయం వల్ల రోజువారీ పనులు చేసుకోలేనివారిని మళ్లీ ఆ పనులకు సిద్ధం చేసే చికిత్స ఆక్యుపేషనల్ థెరపీ. అందులో పీజీ అంటే మన దేశంలో ఎంఓటీ (మాస్టర్ ఆఫ్ ఆక్యుపేషనల్ థెరపీ). రెండేళ్ల కోర్సు. డిగ్రీ కోర్సు బీఓటీ పాసై, ఇంటర్న్‌షిప్ పూర్తిచేసినవారు చేరవచ్చు. రెండేళ్లంటే బోలెడు టైమున్నట్టే అనిపిస్తుంది. కానీ క్లాసులు, వార్డుల్లో పోస్టింగులు, సినాప్సిస్ (థీసిస్ ప్రణాళిక) ఆమోదం, పేషెంట్ల క్షేమం చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి, చివర్లో పరీక్షల చదువు తీసేస్తే థీసిస్ డేటాకు చేతిలో మిగిలేది ఏడెనిమిది నెలలు. అందుకే అసలు పని చేరిన మొదటి వారంలోనే మొదలుపెట్టాలి.

సీటు తీసుకునే ముందు

తెలుగు విద్యార్థులు చాలామంది ఈ కోర్సుకు బయటి రాష్ట్రాలకు వెళ్తారు. కటక్ దగ్గర ఓలట్‌పూర్‌లోని స్వామి వివేకానంద జాతీయ పునరావాస సంస్థ, కోల్‌కతాలో ఎన్‌ఐఎల్‌డీ (చలన వైకల్యాల జాతీయ సంస్థ), ముంబైలో కేఈఎం, నాయర్, సయన్ ఆస్పత్రుల కాలేజీలు, మణిపాల్, చెన్నై శివార్లలో ఎస్‌ఆర్‌ఎం ఇలా వినిపించే పేర్లు. పేరుకన్నా ముందు ఓపీ, అంటే రోజూ వచ్చిపోయే పేషెంట్ల విభాగం చూడండి. హ్యాండ్ థెరపీ చేయాలనుకునేవారికి ప్లాస్టిక్ సర్జరీ, ఆర్థోపెడిక్స్ నుంచి కేసులు పంపే ఆస్పత్రి కావాలి. పిల్లల విభాగం కావాలంటే చిన్నపిల్లల న్యూరాలజీ క్లినిక్ పక్కనే ఉన్న చోటు మేలు.

అక్కడ రెండో ఏడాది చదువుతున్నవారిని పట్టుకుని మూడు సంగతులు అడగండి. నిరుడు పూర్తయిన థీసిస్‌లలో ఎంతమంది పేషెంట్లు ఉన్నారు? ఒక గైడ్ కింద ఎంతమంది విద్యార్థులు? అసెస్‌మెంట్ కిట్లు అల్మరాలో తాళం వేసి ఉన్నాయా, చేతికి ఇస్తారా? మూడోది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, కిట్ ముట్టుకోకుండా రెండేళ్లు గడిస్తే వైవాలో (మౌఖిక పరీక్షలో) దొరికిపోతారు.

కోర్సుకు ఉన్న గుర్తింపు కూడా అప్పుడే చూసుకోండి. ఆక్యుపేషనల్ థెరపీ ఇప్పుడు 2021 నాటి అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ జాతీయ కమిషన్ చట్టం పరిధిలో ఉంది. విదేశాలకు వెళ్లే ఆలోచన ఉంటే, మీ బీఓటీ కాలేజీ పేరు ఆక్యుపేషనల్ థెరపిస్టుల ప్రపంచ సమాఖ్య డబ్ల్యూఎఫ్‌ఓటీ ఆమోదించిన జాబితాలో ఉందో లేదో వారి వెబ్‌సైట్‌లోనే చూడవచ్చు. ప్రవేశ పరీక్ష ఉన్నచోట చదవాల్సింది బీఓటీ సిలబసే. చేయి అనాటమీ, బ్రేకియల్ ప్లెక్సస్ (చేతికి వెళ్లే నరాల అల్లిక), కైనీషియాలజీ (కదలికల శాస్త్రం), న్యూరో, థెరపీ మోడళ్లు గట్టిగా చూసుకోండి.

మొదటి వారం: ఓపీ రిజిస్టర్ లెక్క

గైడ్ అనుమతితో గత 12 నెలల ఓపీ రిజిస్టర్ తీయండి. మీకు ఆసక్తి ఉన్న జబ్బుతో నెలకు కొత్తగా ఎంతమంది వచ్చారో లెక్కపెట్టి కాగితం మీద రాసుకోండి. థీసిస్ అంశం ఈ కాగితం నుంచే పుట్టాలి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. ముందు మంచి ఇంగ్లిష్ పేపర్ చూసి అంశం ఖాయం చేసుకుని, తర్వాత పేషెంట్ల కోసం వెతుకుతారు.

ఒక లెక్క చూద్దాం. స్ట్రోక్ వచ్చినవారిని రెండు గ్రూపులు చేసి, కొత్త చికిత్సకూ మామూలు చికిత్సకూ తేడా చూడాలనుకున్నారు. ఎఫెక్ట్ సైజు (రెండు గ్రూపుల మధ్య ఆశించే తేడా) 0.8, పవర్ (ఉన్న తేడాను పట్టుకునే అవకాశం) 80 శాతం, ఆల్ఫా (లేని తేడాను ఉందనుకునే అవకాశం) 0.05 పెట్టుకుంటే, రెండు సగటులను పోల్చే టీ టెస్టుకు గ్రూపుకు 26 మంది కావాలి. మధ్యలో 20 శాతం మంది మానేస్తారనుకుంటే 33, అంటే మొత్తం 66. మీ రిజిస్టర్ ప్రకారం నెలకు ఆరుగురు వస్తారనీ, అందులో సగం మంది ఒప్పుకుంటారనీ అనుకోండి. 66 మంది రావడానికి 22 నెలలు పడుతుంది. మీ దగ్గర ఉన్నవి ఎనిమిది. పైగా 0.8 అనేది చాలా ఆశతో వేసుకున్న అంకె. దాన్ని 0.5కు దించితే గ్రూపుకు 64 మంది కావాలి.

ఈ లెక్క మొదటి నెలలో వేస్తే దారులు చాలా ఉంటాయి. తక్కువ మందితో ఒక్కొక్కరినీ పదేపదే కొలిచే సింగిల్ సబ్జెక్ట్ డిజైన్ ఎంచుకోవచ్చు. ఒక స్కేల్‌ను తెలుగులోకి తెచ్చి దాని విశ్వసనీయత పరీక్షించవచ్చు. ఒకే రోజు కొలిచి వదిలేసే క్రాస్ సెక్షనల్ అధ్యయనం చేయవచ్చు. అదే పద్నాలుగో నెలలో వేస్తే శాంపిల్ కుదించుకోవడం తప్ప మరో దారి ఉండదు. ఎందుకు కుదించారని ఎగ్జామినర్ అడిగితే జవాబూ ఉండదు. శాంపిల్ లెక్కకు జీ పవర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ సరిపోతుంది.

అన్నం ముద్ద: యాక్టివిటీ అనాలిసిస్ ఇలా చేయండి

ఒక పనిని విడదీసి, దానికి ఏ కదలిక, ఏ బలం, ఏ స్పర్శ కావాలో చూడటమే యాక్టివిటీ అనాలిసిస్. పీజీలో అది పట్టిక నింపడం కాదు. మన ఇళ్లలో రోజూ జరిగే పనినే తీసుకోండి. పప్పన్నం కలుపుకుని తినడం చూద్దాం.

వేడి అన్నం మీద పప్పు పడగానే వేళ్లు విడివడతాయి, దగ్గరవుతాయి. మెతుకు నలగకుండా, ముద్దగా కూడేంత బలమే వాడాలి. అప్పుడు వేళ్ల మొదటి కణుపులు వంగుతాయి, చివరి కణుపులు దాదాపు చాచుకుని ఉంటాయి. అంటే చేతిలోని చిన్న కండరాల పని. ముద్ద నాలుగు వేళ్ల మీదికి చేరాక ముంజేయి నోటివైపు తిరుగుతుంది, బొటనవేలు వెనక నుంచి ముద్దను నోట్లోకి నెడుతుంది. ఇదంతా జరుగుతున్నంతసేపూ వేలి కొసలు వేడి చూస్తూనే ఉంటాయి.

ఇప్పుడు దీన్ని నరాలతో కలపండి. చేతిలోని చిన్న కండరాల్లో చాలావాటిని నడిపే అల్నార్ నరం తెగినవారికి మెతుకులు కూడవు, వేళ్ల సందుల్లోంచి జారిపోతాయి. మీడియన్ నరం దెబ్బతిన్నవారికి బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలి కొసల్లో స్పర్శ ఉండదు. అన్నం ఎంత వేడిగా ఉందో తెలియక వేళ్లు కాల్చుకుంటారు. బాగున్న రెండో చేత్తో వేడి చూసుకోమని మొదటిరోజే చెప్పాలి.

కొలత దగ్గర తేడా ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. కుడిచేయి పడిపోయిన మనిషి ఎడమచేత్తో చెంచా పట్టుకుని తింటే, రోజువారీ పనులకు మార్కులు వేసే బార్తెల్ ఇండెక్స్‌లో తిండి విభాగానికి పూర్తి 10 మార్కులు వస్తాయి. అదే మనిషి పెళ్లి భోజనాల పంక్తిలో కూర్చోవడానికి ఒప్పుకోడు. ఈ లోటును కెనడియన్ ఆక్యుపేషనల్ పెర్ఫార్మెన్స్ మెజర్ పట్టుకుంటుంది. పేషెంట్ తనకు ముఖ్యమైన ఐదు సమస్యల దాకా చెప్పుకుని, ఎంత బాగా చేయగలుగుతున్నాడో, ఎంత తృప్తిగా ఉందో 1 నుంచి 10 దాకా తానే మార్కులు వేసుకుంటాడు. చికిత్స తర్వాత 2 పాయింట్లు పెరిగితే లెక్కించదగ్గ మార్పుగా చూడటం వాడుక. మీ థీసిస్‌లో ఏ కొలత వాడాలో తేల్చుకునే ముందు, అది ఈ పంక్తి భోజనంలాంటి లోటును చూపగలదా అని ఆలోచించండి.

వారానికి ఒక పని చొప్పున ఇలా రాయండి. చీర కుచ్చిళ్లు పెట్టుకోవడం, కింద పీట మీద కూర్చుని లేవడం, నాటు మరుగుదొడ్డి వాడటం, పలక మీద అక్షరం దిద్దడం. ఆరు నెలల్లో పాతిక దాకా తయారవుతాయి. పరీక్షలో ఒక పేషెంట్‌ను పూర్తిగా పరిశీలించి చెప్పాల్సిన లాంగ్ కేస్ రోజున అక్కరకొచ్చేవి ఇవే.

థియరీని పేషెంట్‌తో జత చేసి చదవండి

పేషెంట్‌ను ఏ కోణంలో చూడాలో చెప్పే మోడళ్లను వరసగా బట్టీ పడితే మూడో నెలకు అన్నీ కలిసిపోతాయి. ఒక మోడల్‌కు ఒక పేషెంట్‌ను కట్టండి. పని మీద ఆసక్తి చచ్చిపోయిన డిప్రెషన్ కేసు దొరికినప్పుడు కీల్‌హాఫ్నర్ మోడల్ తెరిచి, ఇష్టం, అలవాటు, సామర్థ్యం, పరిసరాలు అన్న నాలుగు కోణాల్లో ఆ మనిషి గురించి ఒక పేజీ రాయండి. శబ్దానికి చెవులు మూసుకునే బాబు వచ్చినప్పుడు స్పర్శ, శబ్దం లాంటివాటిని మెదడు ఎలా సర్దుకుంటుందో చెప్పే ఏయిర్స్ సెన్సరీ ఇంటిగ్రేషన్ చదవండి. "ఈ ఫ్రేమ్ ఆఫ్ రిఫరెన్స్ (చికిత్సకు ఆధారమైన సిద్ధాంతం) ఎందుకు తీసుకున్నారు, వేరేది ఎందుకు కాదు?" అన్నది వైవాలో తప్పకుండా వచ్చే ప్రశ్న. రెండో సగానికి కూడా ఆ పేజీలోనే రెండు వాక్యాలు రాసి పెట్టుకోండి.

బయటి రాష్ట్రంలో చదివేవారు అక్కడి భాషలో ఓ నలభై వాక్యాలు మొదటి నెలలోనే నేర్చుకోవాలి. నొప్పి ఎక్కడ, ఇంట్లో ఎవరున్నారు, స్నానం ఎవరు చేయిస్తారు, ఏ పని చేయలేకపోతే బాధగా ఉంటుంది, ఇలాంటివి. దుబాసీ ద్వారా అడిగితే ఆ చివరి ప్రశ్నకు నిజమైన జవాబు రాదు.

స్ప్లింట్ తయారీలో చేయి తిరగాలంటే

మణికట్టును పైకి వంచి నిలిపే కాక్ అప్ స్ప్లింట్ ఒక్కటి చక్కగా వస్తే మిగతావి తేలిగ్గా వస్తాయి. 3.2 మిల్లీమీటర్ల మందం ఉన్న లో టెంపరేచర్ ప్లాస్టిక్ షీట్, 65 నుంచి 75 డిగ్రీల నీళ్లు. ముందు కాగితం మీద చేయి గీసి నమూనా కత్తిరించి పేషెంట్ చేతికి పెట్టి చూడండి. షీట్ ఖరీదైనది, కాగితం కాదు. పొడవు ముంజేతిలో మూడింట రెండు వంతులు, వెడల్పు ముంజేతి చుట్టుకొలతలో సగం. మణికట్టు 20 నుంచి 30 డిగ్రీలు పైకి.

ఎక్కువగా జరిగే తప్పు ముందు అంచు దగ్గర. జాతకాలవాళ్లు హృదయరేఖ అనే గీత ఉంటుంది కదా, స్ప్లింట్ అంచు దాన్ని దాటకూడదు. దాటితే పిడికిలి ముడవదు, నాలుగు వారాల్లో వేళ్లు బిగుసుకుంటాయి. బొటనవేలి దిమ్మ చుట్టూ తిరిగే గీతనూ వదిలిపెట్టాలి. రెండో తప్పు చిటికెన వేలి వైపు మణికట్టు ఎముక మీద ఒత్తిడి. అరగంట తొడిగి, తీసి చూడండి. ఎరుపు 20 నిమిషాల్లో పోకపోతే ఆ చోట షీట్ వేడిచేసి ఉబ్బించాలి. లోపల దూది కుక్కితే ఒత్తిడి పెరుగుతుందే గానీ తగ్గదు.

థీసిస్ కాగితాలు, వరసలో

ఈ వరస తప్పితే డేటా అంతా పనికిరాకుండా పోతుంది. ముందు సినాప్సిస్, తర్వాత ఎథిక్స్ కమిటీ ఆమోదం, ఆ తర్వాత చికిత్స ఇచ్చే అధ్యయనమైతే సీటీఆర్‌ఐ (దేశంలోని క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ) రిజిస్ట్రేషన్, ఆ నంబరు వచ్చాకే మొదటి పేషెంట్. పేషెంట్లను చేర్చుకున్నాక చేసే రిజిస్ట్రేషన్‌ను 2018 ఏప్రిల్ 1 నుంచి సీటీఆర్‌ఐ తీసుకోవడం లేదు. ఫీజు లేదు గానీ, సందేహాలు అడుగుతూ తిప్పి పంపుతారు కాబట్టి నెల రోజులు దానికని పెట్టుకోండి.

పిల్లల మీద అధ్యయనమైతే తల్లిదండ్రుల సంతకం ఒక్కటే చాలదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం 7 నుంచి 12 ఏళ్ల పిల్లల నుంచి నోటిమాటగా, 12 దాటి 18 లోపు పిల్లల నుంచి రాతపూర్వకంగా సమ్మతి తీసుకోవాలి. సమ్మతి పత్రం పేషెంట్ మాట్లాడే భాషలో ఉండాలి. తెలుగులో రాసేటప్పుడు "యాదృచ్ఛికీకరణ" లాంటి మాటలు పెట్టకండి. "ఏ గ్రూపులో వస్తారన్నది చీటీ తీసి నిర్ణయిస్తాం" అంటే ఎవరికైనా అర్థమవుతుంది.

స్కేల్ వాడటానికి అనుమతి కావాలా అన్నది సినాప్సిస్ రాసేటప్పుడే తేల్చుకోండి. కొన్నిటికి లైసెన్స్ కొనాలి. జిరాక్స్ ఫారాలతో డేటా సేకరిస్తే పబ్లికేషన్ దగ్గర ఆగిపోతుంది. అనువాదం అవసరమైతే ఒకరు తెలుగులోకి మార్చాలి. మూల ఇంగ్లిష్ స్కేల్‌ను చూడని మరొకరు దాన్ని తిరిగి ఇంగ్లిష్‌లోకి తేవాలి. రెండు ఇంగ్లిష్‌లనూ పోల్చి, సరిచేసిన తెలుగును కొద్దిమంది పేషెంట్ల దగ్గర చదివించి చూడాలి.

చికిత్స మీరే ఇచ్చి, కొలత కూడా మీరే తీసుకోకండి. తెలియకుండానే మార్కులు పెరుగుతాయి. ఏ గ్రూపో తెలియని క్లాస్‌మేట్‌తో కొలిపించి, వారి థీసిస్‌కు మీరు అదే సాయం చేయండి. గ్రిప్ (పిడికిలి బలం) కొలిచేటప్పుడు అందరికీ ఒకటే పద్ధతి ఉండాలి. భుజం ఒంటికి ఆనించి, మోచేయి 90 డిగ్రీలు వంచి, జామర్ అనే గ్రిప్ కొలిచే పరికరాన్ని రెండో హ్యాండిల్ స్థానంలో పెట్టి మూడుసార్లు తీసి సగటు వేయాలి. ఏ రోజు డేటా ఆ రోజే షీట్‌లో ఎక్కించండి. రిఫరెన్సులు మొదటి పేపర్ నుంచే జొటెరో అనే సాఫ్ట్‌వేర్‌లో పెట్టండి.

దాచుకోవాల్సినవి

క్లినికల్ గంటల లాగ్‌బుక్‌లో ప్రతి పోస్టింగ్ అయిపోగానే తేదీలు, గంటలు, సూపర్‌వైజర్ సంతకం వేయించుకోండి. బీఓటీ సిలబస్ పుస్తకం, పోస్టింగ్ సర్టిఫికెట్లు కూడా స్కాన్ చేసి పెట్టుకోండి. అర్హత చదువులో కనీసం 1000 గంటల ఫీల్డ్‌వర్క్ ఉండాలన్నది డబ్ల్యూఎఫ్‌ఓటీ ప్రమాణం. విదేశాల్లో లైసెన్స్‌కు దరఖాస్తు చేసేటప్పుడు ఈ గంటల లెక్కా, సిలబస్ వివరాలూ అడుగుతారు. సంతకం పెట్టిన సూపర్‌వైజర్ అప్పటికి రిటైరై ఉండొచ్చు. కాబట్టి ఆ పేజీ కింద పేరు, హోదా విడి అక్షరాల్లో రాయించుకుని, డిపార్ట్‌మెంట్ స్టాంపు కూడా వేయించుకోండి.