పాత రీలోడింగ్ పౌడర్: వాసన, రంగు, డబ్బా ఏం చెబుతున్నాయి

అమెరికాలో షూటింగ్ రేంజ్‌కి వెళ్లే మనవాళ్లలో తూటాలు తామే నింపుకునేవాళ్లు కొందరున్నారు. (ఇండియాలో లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం, కాబట్టి ఇది అక్కడివాళ్ల కోసమే.) ఎస్టేట్ సేల్‌లో చవగ్గా దొరికాయనో, తెలిసిన పెద్దాయన ఇచ్చాడనో పాత పౌడర్ (తూటాలో మండే మందు) డబ్బాలు ఇంటికి చేరతాయి. వాడొచ్చా, పారేయాలా అనే టెన్షన్ అక్కడ మొదలవుతుంది.

అందరూ ముందు అడిగేది డబ్బా వయసు. నన్నడిగితే అది ఎంత వేడిలో ఉందో అడగాలి. ఈ పౌడర్‌ని స్మోక్‌లెస్ పౌడర్ అంటారు, ఇందులో ముఖ్య పదార్థం నైట్రోసెల్యులోజ్. డబుల్ బేస్ రకాల్లో నైట్రోగ్లిజరిన్ కూడా ఉంటుంది. నైట్రోసెల్యులోజ్ తయారైన రోజు నుంచీ కొద్దికొద్దిగా విడిపోతూ నైట్రోజన్ ఆక్సైడ్లను వదులుతుంది. వాటిని పట్టి ఉంచడానికి డైఫెనైలమీన్ లాంటి స్టెబిలైజర్‌ని కొంచెం కలుపుతారు. అది ఖర్చయిపోయాక ఆ వాయువులు తేమతో కలిసి యాసిడ్ అవుతాయి, యాసిడ్ మిగతా పౌడర్‌ని ఇంకా త్వరగా పాడుచేస్తుంది, ఆ క్రమంలో వేడి పుడుతుంది. వేడి పెరిగితే అంతా మరింత వేగంగా జరుగుతుంది. ఫ్రాన్స్‌లో తులాన్ రేవులో 1907లో యెనా, 1911లో లిబర్తే అనే యుద్ధనౌకలు పేలిపోయింది ఇలా పాడైన పౌడర్ వల్లే. ఏసీ ఉన్న గదిలో 40 ఏళ్లున్న డబ్బా నిక్షేపంగా ఉండొచ్చు. టెక్సస్ గరాజ్‌లో కొన్ని ఎండాకాలాలు గడిపిన కొత్త డబ్బా పాడైపోవచ్చు.

లక్షణం: మూత తీయగానే ముక్కు మండే ఘాటు

మంచి పౌడర్‌కి ఈథర్, ఆల్కహాల్ లాంటి సాల్వెంట్ వాసన సన్నగా ఉంటుంది. పాడైనదాని వాసన పుల్లగా, కటువుగా ఉంటుంది. కంసాలి కొట్లో నైట్రిక్ యాసిడ్ వేసినప్పుడు వచ్చే ఘాటు గుర్తుంటే పోల్చుకోవడం తేలిక, ఎందుకంటే అక్కడా ఇక్కడా వచ్చేది నైట్రోజన్ డయాక్సైడే. అది ఊపిరితిత్తులకి హాని చేస్తుంది. అందుకే డబ్బాలో ముక్కు పెట్టొద్దు. ఆరుబయట మూత తీసి, చేత్తో గాలి విసిరి చూస్తే చాలు.

కారణం: స్టెబిలైజర్ అయిపోయింది. పరిష్కారం: పారేయడం ఒక్కటే. రెండు రోజులు మూత తీసి ఉంచితే వాసన పోతుంది కాబట్టి వాడుకోవచ్చనేవాళ్లూ ఉన్నారు. పోయేది వాసనే, లోపల జరిగే రసాయన చర్య ఆగదు.

లక్షణం: ఎర్రటి పొడి, గోధుమరంగు పొగ

పౌడర్ ఒంపుతుంటే తుప్పులాంటి సన్నటి దుమ్ము లేచినా, డబ్బాలో ఎర్రటి పొగ కనిపించినా అది చివరి దశకి దగ్గర పడినట్టే. దాన్ని తిరిగి లోపల పెట్టొద్దు. అయితే అలయంట్ కంపెనీ అమ్మే రెడ్ డాట్ అనే పౌడర్‌లో ఎర్రటి పలుకులు కావాలనే కలుపుతారు, గుర్తుపట్టడం కోసం. అవి విడివిడిగా, శుభ్రంగా కనిపిస్తాయి. పాడైనదాంట్లో ఎర్రదనం పొడిలా రాలుతుంది, చేతికి అంటుతుంది.

లక్షణం: మూత లోపల తుప్పు, ప్లాస్టిక్ రంగు మారడం, వంకరపోవడం

పాత రేకు డబ్బాల్లో ఇది ఎక్కువ. బయటవైపే తుప్పు ఉంటే కారణం గదిలోని తేమ కావచ్చు. లోపలివైపు ఉంటే యాసిడ్‌ని అనుమానించాలి. వాసన కూడా తోడైతే ఇక ఆలోచించేది లేదు. పౌడర్ ఉండలు కడితే తేమ చేరి ఉండొచ్చు, పాడవడమూ మొదలై ఉండొచ్చు. రెంటికీ ఆరబెట్టడం మందు కాదు. మామూలుగా ఉండాల్సిన కాస్త తేమ కూడా పోతే పౌడర్ ఇంకా వేగంగా మండి, ప్రెషర్ పెరుగుతుంది.

డబ్బా ముట్టుకుంటే వెచ్చగా ఉందా? కదపొద్దు. ఇంట్లోవాళ్లని బయటికి తీసుకెళ్లి 911కి ఫోన్ చేయండి.

లక్షణం: లేబుల్ లేదు, లేదా లేబుల్ ఒకటి, లోపల ఇంకొకటి అని అనుమానం

చూసి పౌడర్ రకం చెప్పగలమనుకోవడం ప్రమాదం. పిస్టల్‌కి వాడే వేగమైన పౌడర్‌ని రైఫిల్ లోడ్ లెక్కన నింపితే గన్ పగులుతుంది. పేరు తెలియని పౌడర్ ఎంత తాజాగా ఉన్నా పాడైనదానికిందే లెక్క. లేబుల్ ఉంటే మాత్రం లాట్ నంబర్ పట్టుకుని కంపెనీ సైట్‌లో రీకాల్ ఉందేమో చూడండి.

లక్షణం: నింపిపెట్టిన పాత తూటాల మీద పచ్చటి చిలుము

బుల్లెట్, కేస్ (పౌడర్ ఉండే ఇత్తడి గొట్టం) కలిసేచోట చిలుము పేరుకున్నా, కేస్ మెడ దగ్గర చీలినా, లోపలి పౌడర్ ఇత్తడిని తినేస్తుండొచ్చు. ఒకటి విప్పి చూస్తే కేస్ గోడకి పచ్చగా అంటుకుని కనిపిస్తుంది. ఆ బ్యాచ్ మొత్తం పక్కన పెట్టండి. ఒకటి పేలకపోవచ్చు, తర్వాతిది అతి ప్రెషర్ ఇవ్వొచ్చు. పైన తుడిచి మెరిపిస్తే లోపల బాగుపడదు.

ఎక్కడ దాచాలి

ఇంట్లో చల్లగా, పొడిగా, వేడి మారకుండా ఉండే అలమర మంచిది. గరాజ్, అటక, కారు డిక్కీ, వాటర్ హీటర్ ఉన్న గది వద్దు. పౌడర్ కంపెనీ డబ్బాలోనే ఉండాలి. ఆ డబ్బాలని పల్చగా చేసేది తెలిసే: నిప్పంటుకుంటే తొందరగా విచ్చుకుని, లోపల ప్రెషర్ పెరగకుండా మండిపోతుంది. దాన్నే గన్ సేఫ్‌లోనో బిగుతైన మిలిటరీ ఇనప పెట్టెలోనో పెడితే మంట పేలుడవుతుంది. భద్రం అనుకుని చేసే పనుల్లో ఇదే అన్నిటికంటే చెడ్డది.

అమెరికాలో ఎన్‌ఎఫ్‌పీఏ 495 అనే అగ్నిభద్రతా నియమావళి ప్రకారం సొంత వాడకానికి ఇంట్లో 20 పౌండ్ల దాకా కంపెనీ డబ్బాల్లో ఉంచొచ్చు. 20 దాటి 50 పౌండ్ల దాకా ఉంటే కనీసం అంగుళం మందం గోడలున్న చెక్కపెట్టె కావాలి. మీ ఊరి రూల్స్ ఇంకా కఠినంగా ఉండొచ్చు. పని అయ్యాక పౌడర్ మెజర్‌లో (పౌడర్ కొలిచి పోసే పరికరం) మిగిలింది అలాగే వదిలేయొద్దు, డబుల్ బేస్ రకాలు కొన్ని ప్లాస్టిక్‌ని మసకబార్చి తినేస్తాయి. కింద ఒలికితే చీపురూ చేటా వాడండి, వాక్యూమ్ క్లీనర్ జోలికి పోవద్దు.

ఎలా వదిలించుకోవాలి

చెత్తబుట్టలోనూ డ్రైనేజీలోనూ పోయకూడదు. ఘాటు, పొగ ఉన్నదాన్ని ఆరుబయట, ఇంటికి దూరంగా పెట్టి, నీళ్లు పోసి పూర్తిగా తడిపి ఉంచి, ఫైర్ డిపార్ట్‌మెంట్ మామూలు నంబర్‌కి ఫోన్ చేయండి. తడి ఉన్నంతసేపే రక్షణ. నీటిలో ఇది కరగదు, ఆరితే మళ్లీ మండుతుంది.

వాసన బాగానే ఉన్నా వాడకూడదనుకున్న కొద్దిపాటి పౌడర్‌ని, స్థానికంగా అనుమతి ఉంటే, ఖాళీ నేల మీద అంగుళం లోతు మించకుండా పరిచి కాలుస్తారు. అగ్గిపుల్ల నేరుగా అంటించరు. నెమ్మదిగా కాలేదేదైనా వత్తిలా పరిచి, అది పౌడర్‌ని చేరేలోపు దూరంగా వెళ్తారు. ఎండు గడ్డి దగ్గర, గాలి వీచేటప్పుడు ఈ పని పెట్టుకోవద్దు. పచ్చికకి ఎరువుగా చల్లమని చాలామంది చెబుతారు. నాకది నచ్చదు: నీటిలో కరగనిది మొక్కకి త్వరగా అందదు, పెరట్లో కుక్కలూ పిల్లలూ తిరుగుతారు.

ఖాళీ డబ్బాలో ఇంకో పౌడర్ పోయకుండా, లేబుల్ కొట్టేసి పారేయండి.