జర్మన్ తాతగారి సైనిక పుస్తకం చదవడం ఎలా

మాది పర్లాకిమిడి. ముప్పై ఏళ్లు రికార్డు గదిలో గుమాస్తాగా పనిచేశాను. మా ఊరు 1936 ఏప్రిల్ 1న మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఒడిశాలో కలిసింది. అంతకు ముందటి దస్త్రాలు తెలుగు గొలుసుకట్టు రాతలో ఉండేవి. అవి చదివీ చదివీ నా కళ్లకు పాత రాత అలవాటైంది.

మా కోడలు జర్మన్ అమ్మాయి. పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు హిట్లర్ కాలం నాటి వాళ్ల తాతగారి సైనిక పుస్తకం నా ముందు పెట్టి, “మామయ్యగారూ, దీని గురించి మా ఇంట్లో ఎవరూ నోరు విప్పలేదు” అంది. ఆయన తల్లి యూదు ఇంటి ఆడపడుచు. కోడలూ నేనూ నాలుగు రాత్రులు కూర్చుని ఆ పుస్తకం చదివాం. అలాంటి కాగితం మీ బంధువుల ఇంట్లో ఉంటే మా అనుభవం పనికొస్తుంది.

ముందు మీ చేతిలో ఉన్నది ఏ పుస్తకమో చూడండి. జోల్డ్‌బుఖ్ అంటే సైనికుడు జేబులో పెట్టుకు తిరిగిన జీతం పుస్తకం. వేర్‌పాస్ సేవా చరిత్ర పుస్తకం. ఉద్యోగంలో ఉన్నంతకాలం అది దళం దగ్గరే ఉండేది. విడుదలైతే మనిషికి, చనిపోతే కుటుంబానికి చేరేది. మాకు దొరికింది వేర్‌పాస్.

తర్వాత ఆ సైనికుడి తాతలు, అమ్మమ్మ, నానమ్మలలో యూదులు ఎందరో లెక్కపెట్టండి. 1935 నవంబరు నాటి నాజీ ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం ఆ నలుగురిలో ఇద్దరు యూదులైతే సాధారణంగా మొదటి తరగతి మిశ్రమ సంతతి, ఒక్కరైతే రెండవ తరగతి. పెద్దలు యూదు మత సమాజంలో సభ్యులా కాదా అన్నదే కొలత. అందువల్ల పుట్టుక, పెళ్లి రిజిస్టర్లు ముందుగా సంపాదించాలి. ముగ్గురో నలుగురో యూదులని లెక్క తేలినవారిని సైన్యంలోకే తీసుకోలేదు. మిగిలినవారు మాత్రం సేవ చేయాల్సి వచ్చింది.

అసలు విషయం తేదీల్లో ఉంది. 1940 ఏప్రిల్ 8న సైనిక ప్రధాన కార్యాలయం మొదటి తరగతివారిని, యూదు స్త్రీలను పెళ్లాడినవారిని విడుదల చేయమని రహస్య ఉత్తర్వు ఇచ్చింది. రెండవ తరగతివారు కొనసాగవచ్చు కానీ ప్రత్యేక అనుమతి లేకుండా పై హోదా దక్కదు. కాబట్టి 1940లో సేవ హఠాత్తుగా ఆగిందేమో చూడండి. మా పుస్తకంలో ఫ్రాన్సు యుద్ధం, దాని కింద ఐరన్ క్రాస్ రెండవ తరగతి పతకం, ఆ తర్వాతి నమోదు విడుదల. కారణం గడిలో ‘యూదు’ అనే మాటే లేదు. ‘ఎన్.జెడ్.వి.’ అని మూడు అక్షరాలున్నాయి. ‘వినియోగించరాదు’ అని వాటి అర్థం. రిజర్వు వర్గం పేరు పక్కన అవి కనిపిస్తే చాలావరకు సంగతి అదే. పతకం ఇచ్చిన పుస్తకంలోనే ఆ మాట రాశారు. అది చదివాక కోడలు చాలాసేపు మాట్లాడలేదు.

చేతిరాత చదవడానికి ఓపిక కావాలి. కుర్రెంట్ అనే ఆ పాత జర్మన్ రాతలో ‘e’ అక్షరం ‘n’లా కనిపిస్తుంది, ‘u’ మీద చిన్న వంపు గీత ఉంటుంది. ముందు మీకు తెలిసిన ఊరి పేరు, నెల పేరు పట్టుకోండి. అక్కడి అక్షరాలను పోల్చుకుంటూ మిగతావి చదవండి. మా గొలుసుకట్టునూ ఇలాగే నేర్చుకున్నాను.

తర్వాత జర్మనీ ఫెడరల్ ఆర్కైవ్స్‌కు దరఖాస్తు పెట్టండి. బెర్లిన్‌లోని పాత సైనిక సమాచార కార్యాలయం 2019 నుంచి దానిలోనే భాగం. పూర్తి పేరు, పుట్టిన తేదీ, ఊరు, గుర్తింపు బిళ్ల సంఖ్య, చివరి దళం, మీ బంధుత్వం రాయండి. 1944 నుంచి మొదటి తరగతివారిలో చాలామందిని టోట్ అనే నాజీ నిర్మాణ సంస్థ శిబిరాల్లో వెట్టిచాకిరీకి పంపారు కనుక, నాజీ బాధితుల దస్త్రాలుండే అరోల్సెన్ ఆర్కైవ్స్‌లో కూడా పేరు వెతకండి. కొందరు మినహాయింపు కోరుతూ ముందు నుంచీ, పక్క నుంచీ తీసిన ఫొటోలతో హిట్లర్‌కు విన్నపాలు పంపుకున్నారు. అవి దొరికితే మనిషి ముఖమే కనబడుతుంది.

చిరిగిన పుటలకు టేపు అంటించకండి. ఆ సైనికుణ్ణి ఎరిగిన పెద్దలు ఉంటే ఈ కాగితాలకన్నా ముందు వారిని కలవండి. మా కోడలి పెద్దత్తకు ఎనభై ఏడేళ్లు. వచ్చే నెల కోడలు ఆమె దగ్గరికి వెళ్తోంది, వేర్‌పాస్ తీసుకుని.