ఊళ్ళో పద్యనాటకానికి వెళ్తున్నారా?

కరపత్రంలో రాత్రి 9 అని వేసినా తెర లేచేసరికి 10 దాటుతుంది, కాబట్టి ఇంట్లో భోంచేసే బయల్దేరండి. చాప, పల్చటి దుప్పటి తప్పనిసరి. ఎండాకాలమే కదా అనుకుంటారు గానీ, ఆరుబయట తెల్లవారుజామున 3 గంటలకు ఒళ్ళు చల్లబడుతుంది.

అసలు సంగతి ఎక్కడ కూర్చుంటామన్నది. ముందు వరుస మంచిదని ఎగబడకండి. స్టేజీకి రెండు పక్కలా పెట్టే సౌండు బాక్సుల ఎదుట కూర్చుంటే రాగాలాపన పోయి హోరు మిగులుతుంది. స్టేజీకి 25, 30 అడుగుల వెనక, మధ్యకు కాస్త హార్మోనియం వైపు చాప పరవండి. నటుడు రాగం తీసేటప్పుడు హార్మోనిస్టు వేళ్ళు అతని గొంతు వెంట పరిగెత్తడం అక్కణ్ణుంచే కనిపిస్తుంది.

వన్స్‌మోర్ అనాలంటే పద్యం పూర్తయ్యాకే అనండి. రాగం మధ్యలో అరిస్తే పాడేవాడికి ఊపిరి తప్పుతుంది. పెద్ద నాటకాల్లో కృష్ణుడి వేషం ఇద్దరు ముగ్గురు పంచుకుంటారు. మీకిష్టమైన నటుడు ఏ సీనుకొస్తాడో ముందే అడిగితే ఆ వేళకు కునుకు పడదు.

బండి మాత్రం జనానికి వెనకాల, రోడ్డు వైపు తిప్పి పెట్టండి. ముందుకి తెచ్చారా, చాపలు పరిచేశాక తెల్లారేదాకా కదలదు.