జూనియర్ కాలేజీ హాస్టల్లో సోషల్ వర్కర్‌గా చేరుతున్నారా? ముందు ఇవి తెలుసుకోండి

విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది కదా. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఉండాలని అందులో చెప్పారు. ఉద్యోగంలో చేరగానే మీకో గది ఇస్తారు, తలుపుకి బోర్డు తగిలిస్తారు. అందులో కూర్చుని ఎదురుచూస్తే ఒక్కరూ రారు, లోపలికి వెళ్తే పదిమంది కళ్లలో పడతామని పిల్లల భయం.

అందుకే మెస్‌లో తిరగండి, స్టడీ అవర్స్‌లో వెనక బెంచీల దగ్గర నిలబడండి. సిక్ రూమ్ రిజిస్టర్ తప్పకుండా చూడండి: వీకెండ్ టెస్ట్ వచ్చిన ప్రతిసారీ ఒకే పేరు ఎదురుగా "కడుపునొప్పి" అని రాసుంటే ఆ పిల్లతో మాట్లాడాల్సిందే. ఎవరు కంచంలో అన్నం కెలికి వదిలేస్తున్నారో, ఎవరు రాత్రి బాత్రూంలో ఏడుస్తున్నారో లెక్చరర్ల కన్నా ముందు ఆయాలకే తెలుస్తుంది, వాళ్లతో మంచిగా ఉండండి.

పిల్లలు "ఎవరికీ చెప్పనని ఒట్టేయండి మేడమ్" అంటారు. వేయకండి. "మనం మాట్లాడుకున్నది బయటకి పోదు, కానీ నీ ప్రాణానికి ప్రమాదం అనిపించినా, నిన్ను ఎవరైనా చెడుగా తాకారని తెలిసినా చెప్పక తప్పదు, ఎవరికి చెప్తానో ముందు నీకే చెప్తాను" అని మొదటి రోజే చెప్పేయండి. పిల్లలపై లైంగిక వేధింపు సంగతి తెలిసీ పోలీసులకి చెప్పకపోవడం 2012 పోక్సో చట్టం ప్రకారం నేరం. "మనలో మనం చూసుకుందాం" అని మేనేజ్‌మెంట్ ఎంత బతిమాలినా వినొద్దు.

అనుమానం వస్తే నేరుగా అడగండి: "చచ్చిపోవాలనిపిస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు, అది నిజం కాదు. అవునంటే ఎలా, ఎప్పుడు అనుకున్నావని కూడా అడగాలి. ఆ తర్వాత ఆ పిల్లని ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకండి. వార్డెన్‌ని పిలవండి, అదే రోజు సైకియాట్రిస్టుకి చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416 రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.

తల్లిదండ్రులకి ఫోన్ చేసి "మీవాడికి డిప్రెషన్" అనకండి. అప్పు చేసి ఫీజు కట్టిన నాన్నకి ఆ మాటతో కాళ్లూచేతులూ ఆడవు. "సరిగా తినట్లేదండీ, నిద్రపోవట్లేదు, మీరు ఈరోజే రావాలి, వచ్చాక మాత్రం మార్కుల మాటెత్తొద్దు" అని చెప్పండి.

ఇక రిజల్ట్స్. ఈ ఉద్యోగంలో అన్నిటికన్నా పెద్ద పని ఇదే, అప్పటికి పిల్లలంతా ఇళ్లకి వెళ్లిపోయి ఉంటారు. రీకౌంటింగ్, అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ గురించి పరీక్షలకి ముందే ప్రతి సెక్షన్‌లో వివరించండి, ఫెయిలైతే సంవత్సరం మొత్తం పోతుందనే చాలామంది అనుకుంటారు. మీకు బెంగగా ఉన్న పిల్లల లిస్టు, వాళ్ల అమ్మానాన్నల నంబర్లతో సహా దగ్గర పెట్టుకుని, రిజల్ట్స్ రావడానికి ముందురోజు ఒకసారి, వచ్చిన గంటలోపు ఇంకోసారి ఫోన్ చేయండి. ఎవరైనా ఎత్తకపోతే పక్కింటివాళ్లకో, ఫ్రెండ్‌కో చేసి, మనిషిని ఇంటికి పంపండి.