పాత జెల్డా: ఏ డంజన్‌కి ఏం పట్టుకెళ్లాలి

1986లో వచ్చిన ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా’ అనే నింటెండో వీడియో గేమ్‌లో 9 డంజన్లుంటాయి, అంటే శత్రువులుండే నేలకింది గదుల గుంపులు. కత్తి తిప్పడం తొందరగానే వచ్చేస్తుంది. ఆట సగంలో ఆగిపోయేది ఎక్కువగా సరైన సరుకు లేకుండా డంజన్‌లో దిగడం వల్లే.

ముందు పెట్టె సంగతి. మన దగ్గర దొరికే పాత టీవీ గేములకు 60 పిన్నుల క్యాసెట్ పడుతుంది. అమెరికాలో అమ్మిన బంగారు రంగు క్యాసెట్‌కి 72 పిన్నులు, కన్వర్టర్ లేకుండా ఎక్కదు. కళింగపట్నం, బారువ లాంటి సముద్రపు ఊళ్లలో ఉప్పుగాలికి పిన్నులు నల్లబడతాయి. దూదిపుల్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి తుడిచి, పూర్తిగా ఆరాకే పెట్టండి. నోటితో ఊదకండి, ఆ తడే పిన్నులను తినేస్తుంది. బంగారు క్యాసెట్‌లో ఆట దాచేది 3 వోల్టుల బిళ్ల బ్యాటరీ. అది అయిపోతే పేరు రాసుకున్నా మర్నాటికి ఉండదు. బ్యాటరీని బోర్డుకి టంకం వేసి బిగించి ఉంటారు కాబట్టి టీవీ రిపేరు తెలిసినవాళ్లతో మార్పించండి.

కరెంటు పోతే చివరిసారి సేవ్ చేసిన దగ్గర్నుంచి మళ్లీ ఆడాల్సిందే. సేవ్ చేయడానికి చచ్చిపోనక్కర్లేదు. స్టార్ట్ నొక్కి సామాన్ల తెర తెరిచి, రెండో ప్యాడ్‌లో పై బాణం, ఏ బటన్ కలిపి నొక్కితే సేవ్ మెనూ వస్తుంది. సేవ్ అయ్యాక రీసెట్ నొక్కి పట్టుకునే పవర్ ఆపాలి. లేకపోతే ఆపే క్షణంలో దాచినదంతా చెడిపోవచ్చు.

ఇక ఆట. మొదటి తెరలోని గుహలో చెక్కకత్తి తీసుకోండి. కుడికి ఒక తెర, పైకి నాలుగు, ఎడమకి ఒకటి వెళ్తే మొదటి డంజన్. అందులో విల్లు దొరుకుతుంది గానీ బాణం దొరకదు. దాన్ని అంగట్లో 80 రూపీలకు (ఆటలోని డబ్బు) కొనాలి. కొన్నాక కూడా వేసిన ప్రతి బాణానికీ ఒక రూపీ పోతుంది. చేతిలో సున్నా ఉంటే విల్లు పలకదు. ఆరో డంజన్‌లో బాస్ (డంజన్‌ని కాసే పెద్ద శత్రువు) గోమా కన్ను తెరిచినప్పుడే బాణం తగలాలి, చివర అసలు విలన్ గానన్‌ని చంపేదీ వెండి బాణమే. అక్కడ డబ్బుల్లేక ఆగిపోతే దిగిన శ్రమంతా వృథా.

రెండో డంజన్ బాస్ డొడాంగో. బాంబు దాని నోటి ఎదురుగా పెట్టి మింగనివ్వాలి, రెండు మింగితే చస్తుంది. 4 బాంబులు 20 రూపీలు, మొదట్లో 8కి మించి పట్టవు. ఎనిమిదీ నింపుకునే దిగండి.

మొదటి రెండు డంజన్ల బాస్‌లూ పోయేసరికి మీ 3 గుండెలు (ప్రాణం కొలత) 5 అవుతాయి. ఇక్కడ తొందరపడకండి. మ్యాప్ పైభాగంలో జలపాతం పైన ఉన్న గుహలో తెల్లకత్తి ఇస్తారు, 5 గుండెలుంటేనే. అది తీసుకునే వెళ్లండి, ఎందుకంటే మూడో డంజన్‌లో డార్క్‌నట్‌లనే డాలు పట్టిన శత్రువులుంటాయి. ఎర్ర డార్క్‌నట్‌కి చెక్కకత్తితో 4 దెబ్బలు, తెల్లకత్తితో 2 చాలు. ఎదురుగా కొడితే డాలుకి తగిలి ఖంగుమంటుంది, దానికేమీ కాదు. బాణం కూడా పనిచేయదు. అది పక్కకి తిరిగే దాకా ఒక అడ్డు వెనక ఆగి, వీపుమీదో పక్కనో ఒక దెబ్బ వేసి వెనక్కి రండి. రెండో దెబ్బకి ఆశపడితేనే గుండెలు పోతాయి. 250 రూపీలకు నీలం ఉంగరం కొంటే తగిలే దెబ్బ సగానికి తగ్గుతుంది. రూపీలు 255కి మించి చేరవు కాబట్టి జేబు నిండేదాకా కూడబెట్టాలి. దెబ్బ తినకుండా వరసగా చంపితే పదో శత్రువు దగ్గర 5 రూపీలు పడతాయి, పదహారో దాని దగ్గర గుండెలు నింపే దేవకన్య వస్తుంది. తిరిగి తిరిగి కొట్టడం కన్నా ఒళ్లు కాపాడుకుని కొట్టడమే లాభం.

లోపలికెళ్లాక గళ్ల లెక్కల నోట్‌బుక్ దగ్గర పెట్టుకోండి. ఇద్దరు గుంటలు కలిసి ఆడితే ఒకరికి ప్యాడ్, ఒకరికి పెన్సిల్. ఒక గది ఒక గడి. తాళం తలుపుకి టి, బాంబుతో తెరుచుకున్న గోడకి బి అని గుర్తు పెట్టండి. డంజన్ మ్యాప్ దొరికాక దాంట్లో గది కనిపించి, దారి మాత్రం కనబడకపోతే ఆ వైపు గోడకి సరిగ్గా మధ్యలో బాంబు పెట్టి చూడండి. కాస్త పక్కకి పెడితే తెరుచుకోదు, బాంబు దండగ. మిగిలిన తాళంచెవులు తర్వాతి డంజన్‌లోనూ పనికొస్తాయి కాబట్టి అనవసరమైన తలుపు తెరవకండి.

తర్వాతివి క్లుప్తంగా. అయిదో డంజన్‌కి లాస్ట్ హిల్స్ అనే కొండల తెరలో పైకి నాలుగుసార్లు వెళ్లాలి. అక్కడ దొరికే ఈల ఊదితేనే ఆ డంజన్ బాస్ డిగ్‌డాగర్ చిన్నదవుతుంది. ఏడో డంజన్‌లో గోరియా అనే శత్రువు ఒకటి దారికి అడ్డం కూర్చుంటుంది, దానికి మాంసం పెట్టాలి. అంగట్లో 60కో 100కో దొరుకుతుంది, ముందే కొనుక్కోండి. గోడల్లోంచి వచ్చే చెయ్యి పట్టుకుంటే డంజన్ మొదటికి తీసుకెళ్లి పడేస్తుంది, ఆ గదుల్లో గోడవారగా నడవకండి. లైక్‌లైక్ అనే శత్రువు మింగితే పెద్ద డాలు పోతుంది, దాన్ని దూరం నుంచే చంపండి. తొమ్మిదో డంజన్‌లో దిగేముందు 12 గుండెలతో శ్మశానంలో మ్యాజిక్ కత్తి తీసుకోండి, ఎర్ర మందు సీసా నింపుకోండి. గానన్ కనబడడు. గదంతా కత్తి తిప్పుతూ తిరగండి. రంగు మారి గోధుమరంగులోకి వచ్చి ఆగగానే వెండి బాణం వదలండి.