మిక్సర్ వెనక నుంచి బ్లూస్ పిల్లలకు

హనుమకొండలో మైక్‌సెట్ అద్దెకు ఇస్తాను. పెళ్లిళ్లు, సభలు, కాలేజీ ఉత్సవాలు, చర్చి కూడికలు, ఎక్కడికి పిలిస్తే అక్కడికి నా పెట్టెలు వెళ్తాయి. ఎవరు సమయానికి వస్తారో, ఎవరు పాట మధ్యలో ట్యూనింగ్ చేసుకుంటూ జనాన్ని నిలబెడతారో మిక్సర్ దగ్గర కూర్చున్నవాడికి బాగా కనిపిస్తుంది. ఈమధ్య ఇక్కడి పిల్లలు కొందరు అమెరికా నల్లజాతివాళ్ల బ్లూస్ సంగీతం మీద పడ్డారు. పెద్ద ఫెస్టివల్ వేదిక ఎక్కాలంటే ఏం చేయాలని అడుగుతున్నారు. వాళ్లకు విడివిడిగా చెప్పేది ఇక్కడ ఒకచోట రాస్తున్నాను. గిటారు సోలో రహస్యాల కోసం వచ్చినవాళ్లు మాత్రం నిరాశపడతారు.

ముందు మీ దగ్గర 25 నిమిషాల కచేరీ సిద్ధంగా ఉండాలి. కొత్త బృందానికి ఎవరూ గంట ఇవ్వరు. పన్నెండు బార్ల వరస (బార్ అంటే నాలుగు దెబ్బలు, కార్డు అంటే కలిపి మోగించే స్వరాలు) మీకు తెలిసిందే: ఇ కార్డు నాలుగు బార్లు, ఎ రెండు, మళ్లీ ఇ రెండు, తర్వాత బి సెవెన్ ఒకటి, ఎ ఒకటి, చివర ఇ రెండు. తిరిగి మొదటికి రావాలంటే ఆఖరి బార్‌లో బి సెవెన్ అందుకుంటారు. నిమిషానికి 80 దెబ్బల వేగంలో ఈ చుట్టు 36 సెకన్లలో అయిపోతుంది. పది చుట్లంటే ఆరు నిమిషాలు. అందులో గిటారిస్టు ఆరు చుట్లు తానే వాయిస్తే జనం టీ తాగడానికి లేస్తారు. పాటకు ఐదు, గిటారుకు రెండు, కీబోర్డుకో హార్మోనికాకో ఒకటి, ముగింపుకు రెండు అని కాగితం మీద రాసి బృందంలో అందరికీ ఇవ్వండి. నాలుగు పాటలు ఇలా కుదిరితే మీ 25 నిమిషాలు నిండినట్టే.

గిటారు శబ్దాన్ని మార్చే ఎఫెక్ట్ పెడళ్ల మీద డబ్బు పోసే ముందు మంచి డ్రమ్మర్‌ను వెతకండి. బ్లూస్‌లో తరచూ వినిపించే షఫుల్ లయ అంటే ఒక్కో దెబ్బను మూడు భాగాలు చేసి నడిమి భాగాన్ని వదిలేయడం. తిస్ర నడక, అంటే మూడేసి భాగాల నడక, చేతికి పట్టిన డోలక్, తబలా కళాకారులకు ఇది చప్పున అందుతుంది. పెళ్లి ఆర్కెస్ట్రాలో రిథమ్ ప్యాడ్ వాయించే కుర్రాణ్ని చిన్నచూపు చూడకండి. రాత్రి ఒంటిగంట దాకా వేగం తగ్గకుండా వాయించే ఓపిక వాడికి ఉంటుంది, మీకు ఇంకా లేదు. అసలు మీరే ఒక పెళ్లిళ్ల సీజన్ ఆర్కెస్ట్రాతో తిరిగితే మంచిది. కాజీపేట చర్చిల్లో గిటారు, కీబోర్డు వాయించే పిల్లలు గాయకుడి గొంతును బట్టి అప్పటికప్పుడు శ్రుతి మార్చగలరు. వాళ్లతో స్నేహం చేయండి.

ఇక పాట. ఎక్కువమంది ఇక్కడే తేలిపోతారు. షికాగో వీధుల గురించి, హైవే గురించి అరువు మాటలు పాడతారు. బ్లూస్ పుట్టిన మిసిసిపి డెల్టా పత్తి నేల. ఆ చేలల్లో వెట్టిబతుకు బతికిన నల్లజాతి కూలీల గొంతు అది. ప్లాంటేషన్‌లో పనిచేసిన బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ 1943లో షికాగోకు రైలెక్కాడు. పత్తి బస్తాలతో నిండే ఎనుమాముల మార్కెట్ పక్కన పెరిగి, జగిత్యాల నుంచి గల్ఫ్‌కు వెళ్లే అన్నలను చూసి, భూపాలపల్లిలో రాత్రి షిఫ్టుకు బొగ్గుబావిలోకి దిగే తండ్రులను చూసి, మీరు హైవే గురించి పాడటమెందుకు? పద్ధతి తేలిక. ఒక మాట అనండి, అదే మాట మళ్లీ అనండి, మూడో వరసలో దానికి జవాబు చెప్పండి:

మార్కెట్టుకు పోయిన నాన్న రాత్రయినా రాలేదు
మార్కెట్టుకు పోయిన నాన్న రాత్రయినా రాలేదు
పత్తికి ధర పలికిందో లేదో, ఫోను మాత్రం ఎత్తడం లేదు

ఒక్కో వరసకు నాలుగు బార్లు. రెండు బార్లలో పాడి, మిగతా రెండు వదిలేయండి. బతుకమ్మ చుట్టూ ఒకరు పాట అందుకుంటే మిగతావాళ్లు ‘ఉయ్యాలో’ అని పలుకుతారు కదా, ఆ పలికే చోటు ఇక్కడ గిటారుది. పాడుతున్నంతసేపూ గిటారు మోగుతూనే ఉంటే జవాబుకు చోటెక్కడిది? తెలుగులో పాడాలా, ఇంగ్లీషులోనా అన్నది మీ ఇష్టం. నాకు తెలుగే నచ్చుతుంది. మన మాటలు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి సాగదీయడానికి వీలుగా ఉంటాయి.

వేదిక దగ్గర నా మాట కొంచెం గట్టిగా వినండి. ఒక చేత్తో గిటారు తీగలు పట్టుకుని పెదవి మైకుకు తగిలించగానే చురుక్కుమంటే, ఎర్తింగ్‌లో లోపం ఉన్నట్టే. వెంటనే ఆపండి. యాంప్లిఫయర్, మిక్సర్ రెండింటికీ ఎర్త్ సరిగా ఉన్న ఒకే బోర్డు నుంచి కరెంటు ఇవ్వమని అడగండి. గుయ్యిమనే శబ్దం పోవాలని ప్లగ్గు మూడో పిన్ను తీసేసే తెలివైనవాళ్లు ఊరికొకరు ఉంటారు. వాళ్లను మీ వైరు ముట్టుకోనివ్వకండి. సింగిల్ కాయిల్ గిటారైతే (తీగల కింద శబ్దాన్ని పట్టే పికప్‌లో ఒకే తీగచుట్ట ఉన్నది) సీరియల్ లైట్ల పక్కన గోల చేస్తుంది, అలాంటప్పుడు రెండడుగులు జరిగి పక్కకు తిరిగితే చాలావరకు తగ్గుతుంది. ఎవరు ఎక్కడ నిలబడతారో బొమ్మ గీసి, ఎన్ని మైకులు, ఎన్ని లైన్లు కావాలో రాసి ముందురోజే పంపండి. ఆ కాగితం పంపిన పిల్లలను ఏ సౌండ్ మనిషీ మరచిపోడు. తర్వాతి కార్యక్రమానికి ఎవరినైనా చెప్పమంటే వాళ్ల పేరే చెబుతాడు.

మెట్ల వరసేమిటంటే, ముందు మన వరంగల్ ఎన్‌ఐటీలో జరిగే స్ప్రింగ్ స్ప్రీ లాంటి కాలేజీ ఉత్సవాలు. తర్వాత హైదరాబాద్. కాజీపేట నుంచి సికింద్రాబాద్‌కు రైలులో రెండు మూడు గంటల ప్రయాణమే, బంజారాహిల్స్‌లోని లామకాన్ లాంటి సాంస్కృతిక వేదికలకు వెళ్లి ముందు ప్రేక్షకులుగా కూర్చోండి. ఆపైన ముంబై. బాంద్రాలోని మెహబూబ్ స్టూడియోలో మహీంద్రా బ్లూస్ ఫెస్టివల్ 2011లో మొదలైంది, కొత్త బృందాల కోసం పోటీ కూడా నిర్వహించింది. అమెరికాలోని మెంఫిస్‌లో జరిగే ఇంటర్నేషనల్ బ్లూస్ ఛాలెంజ్‌కు నేరుగా వెళ్లలేరు, అనుబంధ సంఘం ఏదైనా పంపాలి. అక్కడ గొంతుకూ వాయిద్యానికీ ఉన్నట్టే సొంతదనానికీ మార్కులుంటాయి. షిల్లాంగ్ బృందం సోల్‌మేట్ 2007లో ఆ పోటీకి వెళ్లింది. షిల్లాంగ్ కూడా మహానగరమేమీ కాదు.

పంపే వీడియో ఆపకుండా ఒకే దఫాలో తీసింది కావాలి. ఫోను కదలకుండా నిలబెట్టండి, శబ్దం మాత్రం మిక్సర్ నుంచి విడిగా రికార్డు చేసి కలపండి. రెండు పాటలు చాలు, ఒకటి మీ సొంతది. పాట మొదటి పది సెకన్లలో వినబడాలి, బృందం పేరు గాల్లో తిరిగే గ్రాఫిక్స్ వద్దు. జవాబు రాకపోతే ఆరు నెలల తర్వాత కొత్త పాటతో మళ్లీ పంపండి. పాత వీడియోకే కొత్త పేరు పెట్టి పంపితే ఎంపిక చేసేవాళ్లు ఇట్టే పట్టేస్తారు.