మాటల వేర్లు – 7వ పాఠం: క్యాన్సిల్

పోయిన పాఠంలో 'పోస్ట్‌పోన్' చూశాం. లాటిన్‌లో 'పోస్ట్' అంటే తర్వాత, 'పోనెరె' అంటే పెట్టడం. ఈసారి క్యాన్సిల్.

ముందు ఒక కాగితం మీద ఏదైనా వాక్యం రాయండి. దాని మీద ఏటవాలుగా నాలుగు గీతలు, వాటిని కోస్తూ ఇంకో నాలుగు గీయండి. చూస్తే జాలీలా ఉంది కదా? ఆ జాలీనే లాటిన్‌లో 'కాంకెల్లి' అనేవారు. చెల్లని రాతను ఇలా గీతలతో కొట్టేయడం 'కాంకెల్లారె'. ఫ్రెంచిలోకి వచ్చేసరికి నడిమి 'క' కాస్తా 'స' అయింది. 14వ శతాబ్దం చివర ఇంగ్లీషులో చేరినప్పుడు కూడా ఈ మాటకు రాతను కొట్టేయడమనే అర్థం. తర్వాత ఒప్పందాలకు, ప్రయాణాలకు, మీటింగులకు పాకింది. మనం 'కేసు కొట్టేశారు' అంటాం చూడండి, అదీ ఇలాంటి ప్రయాణమే. రెండు భాషలు విడివిడిగా ఒకే దారి పట్టడం నాకెంతో ఇష్టమైన సంగతి.

రోమన్ న్యాయస్థానంలో జనానికీ న్యాయమూర్తికీ మధ్య జాలీ ఉండేది. దాని దగ్గర నిలబడే ఉద్యోగి 'కాంకెల్లారియుస్'. ఇప్పటి ఛాన్సలర్ ఆయన వారసుడే!

తపాలా స్టాంపు మీద వేసే ముద్రనూ క్యాన్సిలేషన్ అనే అంటారు. 1840లో బ్రిటన్ తెచ్చిన పెన్నీ బ్లాక్ నల్లటి స్టాంపు. దాని మీద ఎర్రసిరా ముద్ర సరిగా కనిపించేది కాదు. పైగా ముద్రను తుడిచేసి స్టాంపును మళ్లీ వాడే వీలుండేది. అందుకే 1841లో స్టాంపును ఎర్రగా మార్చి, ముద్రకు నల్లసిరా తెచ్చారు.

ఇక వాడుక. గీతల కింద రాత కనిపిస్తూనే ఉంటుంది, కానీ చెల్లదు. క్యాన్సిల్ అంటే అదీ. డిలీట్ చేస్తే రాతే ఉండదు. 'మీటింగ్ క్యాన్సిల్ అయింది, సోమవారం పెట్టారు' అని చాలామంది అంటారు. కొత్త రోజు ఖాయమైతే అది పోస్ట్‌పోనే. ఈ తేడా పట్టించుకోకపోతే సగం మాట విన్నవాళ్లు సోమవారం రారు.

స్పెల్లింగ్: 'క్యాన్సిల్డ్'లో బ్రిటిష్ వాళ్లు రెండు 'ఎల్'లు రాస్తారు, అమెరికన్లు ఎక్కువగా ఒక్కటే. 'క్యాన్సిలేషన్'లో మాత్రం ఇద్దరూ రెండే రాస్తారు.

అభ్యాసం: క్యాన్సిలా, పోస్ట్‌పోనా, డిలీటా? వాన వల్ల ఆట రేపటికి మారింది. టికెట్ వద్దనుకుని డబ్బు వెనక్కి తీసుకున్నారు. ఫోన్‌లోంచి ఫోటో తీసేశారు. జవాబులు 8వ పాఠం మొదట్లో ఇస్తాను.